నాలుగో నంబరాయన కోసం వచ్చిన జనం

ఫిబ్రవరి 18

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. అందులో రెండు పేజీలు మోకాలి గురించే ఉన్నాయి గానీ, ఇంతకీ నొప్పి తగ్గిందో లేదో మాత్రం ఎక్కడా రాయలేదు. ఫోన్ చేసి అడుగుదామంటే నీ చెవులకీ ఫోనుకీ ఎప్పుడో చెడింది. అన్నేళ్ళు కుట్టుమిషన్ల మోతలో కూర్చుంటే చెవులు మాత్రం ఏం చేస్తాయిలే. పోయినసారి నేను "బాగున్నావా" అని అరిస్తే, కింద రోడ్డు మీద పోయే ఆయనెవరో తలెత్తి "బాగున్నానండీ" అన్నాడు. ఇక మనిద్దరికీ ఉత్తరాలే గతి.

కొత్త ఇల్లు ఇంకా అలవాటు కాలేదు. మూడో అంతస్తు. కింద రెండూ గోడౌన్లు, ఎప్పుడు చూసినా తాళాలే. ఊరికి ఈ చివర మమ్మల్ని విసిరేసినట్టుంది. వచ్చి రెండు నెలలైనా మా ఇంటికి దారి ఎవరికీ తెలియదు. గోడకి మేకు కొట్టాలన్నా అడిగేందుకు పక్కింటివాళ్ళు లేరు.

అసలు సంగతి మీ అన్నయ్యది. ఉద్యోగం అయిపోయి నాలుగేళ్ళయినా ఆయన ఇంకా ఆ బస్సు దిగలేదు. ముప్పై ఏళ్ళు నడిపిన బస్సు కదా. ఊళ్ళో ఎవరికీ ఆయన పేరు కూడా తెలియదు, అందరికీ "నాలుగో నంబరాయనే". ఇప్పుడు మున్సిపాలిటీ వాళ్ళు ఆ నాలుగో నంబరు బస్సే తీసేస్తారట. డిపో పగలగొట్టి అక్కడ కార్లు నిలిపే స్థలం చేస్తారట. ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళందరికీ అదొక్కటే బస్సు, నేను రక్తపరీక్షకి వెళ్ళేదీ దాన్లోనే.

మీ అన్నయ్య, స్కూల్లో డ్రాయింగు మాస్టారు, మందుల షాపావిడ కలిసి చైర్మన్ గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన ఏమన్నారంటే, "జనానికి కార్లు వద్దు, బస్సు కావాలి అని మీరు ముగ్గురు చెబితే సరిపోదు, జనం చెప్పాలి. ఒక ఆదివారం బజారు వీధిలోకి కార్లు రాకుండా ఆపుతాను. గడియార స్తంభం నుంచి డిపో దాకా నడిపించండి. వీధి నిండితే బస్సు ఉంటుంది" అన్నారు. మార్చి ఎనిమిదో తారీకు.

పోయినేడు కూడా ఇలాగే "కార్లు లేని రోజు" అని ఒకటి పెట్టారు, నీకు రాశాను కదా. మీ అన్నయ్య నెల్లాళ్ళు ఇంటింటికీ తిరిగి పిలిచారు. అందరూ "చూద్దాం లెండి" అన్నారు. తీరా చూస్తే మేము నలుగురం, మందుల షాపావిడ మొగుడు, ఎవరిదో ఒక కుక్క. ఆ కుక్క కూడా సగం దారిలో వెనక్కి పోయింది. ఆ రోజు నుంచి మీ అన్నయ్య అన్నం ముందు కూర్చుని గోడకేసి చూడ్డం నేర్చుకున్నారు. ఈసారి కూడా జనం రాకపోతే బస్సు పోతే పోయింది గానీ ఆ మనిషి ఏమైపోతారో అని నాకు భయంగా ఉంది. నీ షాపులో ఆడపిల్లలందరినీ వెంటేసుకుని రా. మోకాలికి పట్టీ కట్టుకునైనా రా.

నీ రాకకి ఎదురుచూస్తూ,
మీ వదిన


ఫిబ్రవరి 24

వదినా,

మోకాలు తగ్గలేదు, అందుకే రాయలేదు. తగ్గితే రాయనా?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకొక్కటే అర్థం కాలేదు. "కార్లు లేని రోజు" అంటే కార్లు లేనివాళ్ళందరూ ఒకచోట చేరడమా? అయితే నేనూ అర్హురాలినే. నాకు కారు లేదు, సైకిలు లేదు, ఇప్పుడు మోకాలు కూడా లేదు. కారు కొనుక్కోలేని వాళ్ళంతా కలిసి వీధిలో నడిస్తే చైర్మన్ జాలిపడి బస్సు ఇస్తాడా? నాకు ఆ లెక్క అందడం లేదు. మా షాపు పిల్లలకి చెబితే ఒకమ్మాయి, "మా నాన్నకి కారుంది, నేను రావచ్చా" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక ఆ రోజు కాజాలు కుట్టమని కూర్చోబెట్టాను.

అన్నయ్యకి ఒక మాట చెప్పు. చిన్నప్పుడు నన్ను స్కూలుకి తీసుకెళ్తూ నాలుగడుగులు ముందు నడిచేవాడు, నేను పరిగెత్తేదాన్ని. ఇప్పుడు అలా నడిస్తే వెనక ఎవరూ రారు. జనాన్ని రమ్మన్నప్పుడు నెమ్మదిగా నడవాలి. ఇది "కత్తెర" చెప్పిందని చెప్పు. ఆయనే కదా నాకా పేరు పెట్టింది.

రాగలిగితే వస్తాను. రాకపోతే మోకాలిని తిట్టు, నన్ను కాదు.

ఇక్కడ మిషను ఆగితే గానీ కలం పట్టలేని
నీ ఆడపడుచు


మార్చి 4

అమ్మాయ్,

కార్లు లేనివాళ్ళ సభ కాదే తల్లీ. కార్లు ఉన్నవాళ్ళు కూడా ఆ ఒక్క రోజు ఇంట్లో పెట్టి నడిచి రావాలి. ఈ ముక్క నీకే అర్థం కాకపోతే ఊళ్ళో వాళ్ళకి ఏం అర్థమవుతుందో అని నాకు దిగులు పట్టుకుంది.

ఇక్కడ నాకు తలా తోకా తెలియడం లేదు. ఒక్కొక్కటీ చెబుతాను విను. మొదటిది పోస్టరు. ప్రెస్సాయన కొత్తగా బొమ్మ వెయ్యాలంటే వారం పడుతుందన్నాడట. మాస్టారికి తొందర. "మీ దగ్గర రెడీగా ఉన్న అచ్చులోనే ఆయన ఫొటో పెట్టి కొట్టెయ్యండి" అన్నారట. ప్రెస్సులో ఎప్పుడూ రెడీగా ఉండేది ఏదో నీకు తెలుసుగా? చావు కబుర్లది. చుట్టూ వేలెడు మందాన నల్లపట్టీ, పైన రెండు మూలలా రెండు దీపాలు, మధ్యలో డ్యూటీ కార్డు మీది ఫొటోలో మీ అన్నయ్య, టోపీ పెట్టుకుని. కింద "ముప్పై ఏళ్ళు మనల్ని మోసిన మనిషి. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి గడియార స్తంభం దగ్గర నుంచి డిపో దాకా ఆయన కోసం నడుద్దాం. కార్లు తేవద్దు" అని ఉంది.

"మాస్టారూ, ఇది చూస్తే నాకే ఏడుపొస్తోంది" అన్నాను. "నలుపు తారురోడ్డు రంగండీ, ఆ దీపాలు సిగ్నల్ లైట్లనుకోండి" అన్నారాయన. అప్పటికే ఊరంతా అంటించేశారు. సోమవారం పొద్దున్నకి ఏ గోడ చూసినా మీ అన్నయ్యే.

రెండోది మీ అన్నయ్య. సోమవారం దాకా కాలుగాలిన పిల్లిలా వీధులన్నీ తిరిగిన మనిషి, మంగళవారం క్షవరానికని వెళ్ళి సగం దారిలో తిరిగొచ్చేశారు. గడ్డం ఇంట్లోనే గీసుకున్నారు. కర్టెన్లు వేయించారు. ఫోన్ మోగితే ఎత్తొద్దంటున్నారు. "ఎవరైనా నన్ను అడిగితే ఏమీ చెప్పకు" అంటున్నారు. ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని చెయ్యి వేసి చూశాను, చల్లగానే ఉంది. జనం రారని భయం పట్టుకుందని నాకు అనిపిస్తోంది. చిన్నపిల్లాడికి పరీక్ష ముందు కడుపునొప్పి వచ్చినట్టు.

మూడోది ఊళ్ళో వాళ్ళు. కూరగాయలామె నాతో బేరమాడకుండా ఊరికే సంచీ నింపేసి, నా బుగ్గ నిమిరి, "ధైర్యంగా ఉండాలమ్మా" అంది. "ధైర్యంగానే ఉన్నాను, ఆదివారం నువ్వు వస్తే చాలు" అన్నాను. "రాకుండా ఎలా ఉంటాను" అని కళ్ళు తుడుచుకుంది. ఆసుపత్రిలో నర్సమ్మలు నన్ను వరసలో నిలబడనివ్వలేదు. "ఆయన కోరిక అదొక్కటే, అందరూ నడిచి రావాలని" అంటే ఒకమ్మాయి నన్ను పట్టుకుని భోరుమంది. బస్సు మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్ళు పోయినేడు ఎక్కడికి పోయారో నాకు అంతు పట్టడం లేదు.

ఆదివారం మీ అన్నయ్య చీకటితోనే వెనక దారిన డిపోకి వెళ్ళి బస్సులో ఉంటారట. మేమంతా నడిచి అక్కడికి చేరాలట. నువ్వు వస్తున్నావా లేదా?

అయోమయంలో ఉన్న
మీ వదిన


మార్చి 8

వదినా,

నిన్ను ఇంకా ఆ పేరుతో పిలవాలా వద్దా అని ఆలోచించి ఆలోచించి రాస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం మా షాపుకి ప్యాంట్లు ఇచ్చే కండక్టరు వచ్చాడు. ఏదో చెప్పాడు, నాకు వినపడలేదు. గట్టిగా చెప్పాడు. నాకు వినపడలేదు గానీ షాపులో మిషన్లన్నీ ఆగిపోయాయి. పిల్లలందరూ నా మొహంలోకి చూస్తున్నారు. అప్పుడతను సుద్దముక్క తీసుకుని కత్తిరింపు బల్ల మీద రాశాడు. "మీ అన్నగారు పోయారట. ఆదివారం ఉదయం తీసుకెళ్తున్నారు."

ఆ సుద్ద గీతలు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. మా షాపు పిల్లతో మీ ఇంటికి ఫోన్ చేయించాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేయించాను. శనివారమంతా బండి కోసం తిరిగితే ఆదివారం తెల్లారుజామున ఒక కారు దొరికింది. ఈ కాలేసుకుని మూడు గంటలు కూర్చుని వచ్చాను. నాకు కబురు చెయ్యాలని ఒక్కరికీ తోచలేదా వదినా? ఒక్క కాగితం ముక్క?

మీ ఊరి మొదట్లో రోడ్డుకి అడ్డంగా తాడు కట్టారు. లావుపాటాయన ఒకడు మెళ్ళో విజిల్ వేసుకుని నిలబడ్డాడు. ఏదో అన్నాడు. "నేను మా అన్నయ్య దగ్గరికి వెళ్ళాలి" అన్నాను. నవ్వుతూ కారు వైపు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. తర్వాత పక్కన గోడ మీద అంటించిన కాగితం చూపించాడు. అప్పటిదాకా నాకు ఏ మూలో ఆశ ఉంది వదినా. ఆ నల్లపట్టీ, ఆ దీపాలు, మధ్యలో టోపీతో అన్నయ్య. ఆ ఆశ కూడా పోయింది.

దిగి నడవబోయాను. పది అడుగులు వేసేసరికి మోకాలు మడత పడింది. ఆ డ్రైవరు నన్ను పట్టుకుని మళ్ళీ కార్లో కూర్చోబెట్టాడు. అక్కడ నుంచే చూశాను. ఊరు ఊరంతా కదిలింది. చేతుల్లో పూలు, దండలు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు, ఆ మాత్రం నాకు తెలుస్తుంది, పెదవులు కదలడం లేదు. మా అన్నయ్యకి ఇంతమంది ఉన్నారా అని ఏడుస్తూ కూడా గర్వపడ్డాను. అందరూ నా ముందే వెళ్ళిపోయారు. సొంత చెల్లెల్ని, నేను మాత్రం తాడుకి ఇవతల కూర్చున్నాను.

రెండు గంటలకి వాళ్ళు తిరిగొచ్చారు. వదినా, వాళ్ళు నవ్వుతున్నారు! వీపులు చరుచుకుంటున్నారు. ఒకడు దండ తన మెళ్ళోనే వేసుకున్నాడు. మా అన్నయ్యని సాగనంపి నవ్వుకుంటూ వస్తారా? అదేం ఊరు? నా ఒళ్ళు మండిపోయింది. అంతా అయిపోయాక ఇక ఎవరిని చూడ్డానికి లోపలికి రావాలి? బండి తిప్పమన్నాను.

నీ మీద నాకు ఎంత కోపం ఉందో రాయడానికి ఈ కాగితం చాలదు. అయినా నువ్వు ఒక్కదానివే ఆ మూడో అంతస్తులో ఉన్నావని తల్చుకుంటే పాపమనిపిస్తోంది. రెండూ కలిసి నన్ను చంపుతున్నాయి.

నా అన్న అని చెప్పుకోవడానికి ఇక ఎవరూ మిగలని
చెల్లెలు


మార్చి 9

అమ్మాయ్! అమ్మాయ్!

నువ్వు నిన్న రాకుండా ఎంత పోగొట్టుకున్నావో! నవ్వాలో ఏడవాలో నాకే తెలియడం లేదు, మొదటి నుంచీ చెబుతాను.

ఎనిమిదింటికి గడియార స్తంభం దగ్గరికి వెళ్ళేసరికి జనం. ఎటు చూసినా జనం. బియ్యం షాపాయన తలుపులు మూసుకుని వచ్చాడు. నర్సమ్మలు డ్యూటీ మార్చుకుని వచ్చారు. స్కూల్లో పంతుళ్ళు, కోర్టు గుమాస్తాలు, పోయినేడు "చూద్దాం లెండి" అన్న ప్రతి మనిషీ వచ్చాడు. నేను డ్రాయింగు మాస్టారి మొహం చూశాను, ఆయన నా మొహం చూశారు.

నన్ను అందరికంటే ముందు నడిపించారు. అడుగడుక్కీ ఎవరో ఒకరు నా చేతులు పట్టుకుంటున్నారు. ఒక్క హారన్ లేదు, ఒక్క కేక లేదు. "కార్లు లేకపోతే వీధి ఎంత ప్రశాంతంగా ఉందో చూశారా" అని పక్కావిడతో అంటే, ఆవిడ నా తల తన భుజానికి ఆనించుకుని "అంతేనమ్మా, ఇంకేముంది" అంది. దారి మధ్యలో ఆ రోజు ఏడ్చిన నర్సమ్మ మళ్ళీ నా చేతులు పట్టుకుని ఏడుస్తుంటే, "ఊరుకో తల్లీ, ఇంకా ఏమీ ఆగిపోలేదు" అన్నాను. ఆ పిల్ల నన్ను ఎలా చూసిందనుకున్నావు! నాకు మతి పోయిందనుకుని ఇద్దరు నా చెరో రెక్కా పట్టుకున్నారు.

డిపో గేటు దగ్గర చైర్మన్ గారు నిలబడి ఉన్నారు, చొక్కాకి నల్ల రిబ్బను పెట్టుకుని, చేతిలో కాగితంతో. గొంతు సవరించుకుని, "ఈ రోజు మన ఊరు ఒక మంచి మనిషిని..." అని మొదలుపెట్టారు. అంతలో లోపల బస్సు హారన్ మోగింది. నాలుగో నంబరు మెల్లగా ముందుకొచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. మీ అన్నయ్య పాత యూనిఫాంలో, టోపీ పెట్టుకుని, మెట్టు మీద నిలబడి అందరికీ చెయ్యి ఊపారు.

అమ్మాయ్, కూరగాయలామె పెట్టిన కేక నీ చెవులకి కూడా వినపడి ఉండాలి. ముందు వరసలో వాళ్ళు వెనక్కి పరిగెత్తారు, వెనక వాళ్ళు ఏం జరిగిందో చూద్దామని ముందుకి తోశారు. కోర్టు గుమాస్తా కళ్ళు తిరిగి కూర్చున్నాడు. నాకేమీ అర్థం కాలేదు. మీ అన్నయ్యని చూసి అంత భయపడాల్సింది ఏముంది? మందుల షాపావిడ వచ్చి నా చెవిలో చెప్పింది. "వీళ్ళంతా ఆయన పోయారనుకుని వచ్చారండీ!"

అప్పుడు గానీ నా బుర్రలో దీపం వెలగలేదు. పోస్టరు! ఊళ్ళో ఆ నల్లపట్టీ చూసిన ప్రతివాళ్ళూ అలాగే అనుకున్నారట. పైగా మనిషి వీధిలో కనపడలేదాయె. ఇల్లు తెలిస్తే పరామర్శకి వచ్చి తెలుసుకునేవాళ్ళు, ఇల్లేమో ఎవరికీ తెలియదు. నన్ను అడగడానికి ఎవరికి నోరొస్తుంది? ఇక నాకు అనుమానమంటావా, మనిషి ఇంట్లో నా ఎదురుగా కూర్చుని కాఫీలో చక్కెర తక్కువైందని గొణుగుతుంటే ఎలా వస్తుంది?

బియ్యం షాపాయన "బేరం పాడుచేసుకుని వచ్చాను కదయ్యా!" అని గంతులేశాడు. మీ అన్నయ్య మెట్టు దిగకుండా, "వచ్చారుగా, ఎక్కండి, ఆసుపత్రి దాకా ఊరికే తిప్పుతాను" అన్నారు. ఎవరో ఫక్కున నవ్వారు. అంతే, ఇక నవ్వులే నవ్వులు. ఆయన కోసం తెచ్చిన దండలు ఆయన మెళ్ళోనే వేశారు, ఎక్కువైనవి వాళ్ళు వాళ్ళు వేసుకున్నారు.

చైర్మన్ గారు మాత్రం నవ్వలేదు. రిబ్బను పీకి జేబులో పెట్టుకుని, "ఈ జనం చావుకి వచ్చిన జనం. బస్సుకి వచ్చిన జనం కాదు. ఇది చెల్లదు. ఇరవై రెండో తారీకు మళ్ళీ పిలవండి, అప్పుడు చూస్తాను" అని వెళ్ళిపోయారు. మళ్ళీ మొదటికొచ్చామన్నమాట. ఇప్పుడు ఎవరొస్తారు చెప్పు? మీ అన్నయ్య మాత్రం గాల్లో తేలుతున్నారు.

ఇంతకీ నువ్వెందుకు రాలేదు? ఆ మోకాలేనా?

నవ్వీ నవ్వీ పక్కలు నొప్పులు పుట్టిన
మీ వదిన


మార్చి 13

వదినా, నా తల్లీ,

నీ రెండు ఉత్తరాలూ ఈ రోజు ఒకేసారి వచ్చాయి. నాలుగో తారీకుది ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగిందో ఆ పోస్టాఫీసుకే తెలియాలి. దాన్ని ముందు విప్పాను. చనిపోయిన మనిషి గడ్డం గీసుకోవడం గురించి చదవలేక మడిచి పెట్టేశాను. తర్వాత రెండోది విప్పాను. "మెట్టు మీద నిలబడి చెయ్యి ఊపారు" అన్న దగ్గర నేను పెట్టిన కేకకి మళ్ళీ షాపులో మిషన్లన్నీ ఆగిపోయాయి. పిల్లలందరూ చుట్టూ చేరారు. నాకు నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియక సూదుల డబ్బా కింద పడేశాను.

ఈపాటికి నీకు నా ఉత్తరం చేరి ఉంటుంది. చదవకపోతే చదవకుండా చించెయ్యి. చదివేసి ఉంటే, అందులో నిన్ను అన్న మాటలన్నీ నాకు తిరిగిచ్చెయ్యి. నిన్ను తిట్టడానికి నాకు నోరెలా వచ్చిందో. ఆ వారం రోజులూ నేను బతికినట్టు లేదు వదినా. అన్నయ్య చొక్కా ఒకటి కాలరు తిప్పి కుట్టమని నాకు ఇచ్చి ఉన్నాడు కదా, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కోపం తగ్గాక, కుదురుగా కూర్చుని నీ ఉత్తరాలు మళ్ళీ చదివాను. ఇప్పుడు నాకు వేరే సంగతి అంతు పట్టడం లేదు. అన్నయ్య సంగతి నాకు తెలుసు. జ్వరం వచ్చినా సాయంత్రం వీధి చివర దాకా వెళ్ళి రాకపోతే ఆయనకి తోచదు. అలాంటిది మంగళవారం నుంచి ఆదివారం దాకా కర్టెన్లు వేసుకుని కూర్చున్నాడా? ఫోన్ ఎత్తొద్దన్నాడా? ఎవరడిగినా ఏమీ చెప్పకన్నాడా? జనం రారని భయపడేవాడైతే ఇంకో పది ఇళ్ళు తిరుగుతాడు గానీ దాక్కోడు. గుడ్డ ఎక్కడో ఏటవాలుగా కత్తిరించారు వదినా. మంగళవారం క్షవరానికి వెళ్తూ సగం దారిలో ఎందుకు తిరిగొచ్చాడో అడుగు. నేను అడగమన్నానని చెప్పి మరీ అడుగు.

జవాబు రాసేదాకా నిద్రపోని
కత్తెర


మార్చి 23

అమ్మాయ్,

నీ ఎనిమిదో తారీకు ఉత్తరం ముందే చేరింది. చించలేదు. చదివి, ఏడ్చి, దాచుకున్నాను. నీ మాటలు నీకు తిరిగివ్వను. అవి నా మీద ప్రేమ ఉన్నవాళ్ళు తిట్టిన తిట్లు.

రెండో ఉత్తరం వచ్చాక మీ అన్నయ్యని ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను. "మంగళవారం ఎందుకు తిరిగొచ్చారు?" ముందు నసిగారు. "కత్తెర అడగమంది" అంటే తల వంచుకున్నారు.

ఆ రోజు క్షవరం షాపు పక్క గోడ ముందు ఇద్దరు మనుషులు ఆ పోస్టరు చూస్తూ నిలబడ్డారట. ఈయనకి వీపు పెట్టి. ఒకతను అన్నాడట, "పాపం, నాలుగో నంబరాయన పోయాడ్రా. మా ఆవిడ నొప్పులు పడుతుంటే బస్సుని తిన్నగా ఆసుపత్రి గేటు లోపలికి తీసుకెళ్ళిపోయాడు. ఆదివారం తప్పకుండా వెళ్ళాలి" అని. రెండో అతను "నేనూ వస్తా, షాపు మూసైనా వస్తా" అన్నాడట.

"పోయినేడూ ఈయేడూ తిరిగాను, అందరూ 'చూద్దాం లెండి' అన్నవాళ్ళే. తప్పకుండా అన్న మాట మొదటిసారి విన్నాను. వెనక నుంచి 'బతికే ఉన్నాను బాబూ' అంటే ఆ ఇద్దరూ రారు. అందుకని సందులోంచి ఇంటికొచ్చేశాను. నాలుగు రోజులు చచ్చిపోతే నాకేం పోయింది అనుకున్నాను" అన్నారు.

"నాకు చెప్పకూడదా?"

"నీకు చెబితే నీ మొహంలో దాగదు. కూరగాయలామె ముందే నవ్వేసేదానివి."

నేను లేచి వెళ్ళి నీ ఉత్తరం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. తాడు దగ్గర కారులో కూర్చున్న చోటికి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసేశారు. "కత్తెర వచ్చిందా?" అన్నారు. రెండుసార్లు అదే మాట. ఆ ఉత్తరం పట్టుకుని వెళ్ళి బాల్కనీలో నిలబడ్డారు, పిలిచినా లోపలికి రాలేదు. నీ దగ్గరికి వస్తారట, కాళ్ళు పట్టుకుంటారో కొట్లాడతారో మీ అన్నాచెల్లెళ్ళ ఇష్టం.

నేను మాత్రం ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టాను, కాఫీ ఇచ్చాను, మాట్లాడలేదు. అంతమంది ఆడవాళ్ళు నా చేతులు పట్టుకుని ఏడిస్తే నేను అందరికీ నవ్వుతూ తలూపాను. నన్ను విధవని చేసి వీధిలో నడిపించి, ఆ సంగతి నాకే చెప్పని మనిషితో ఏం మాట్లాడతాను? ఆయనకేం పోలేదు సరే, నా పరువు పోయింది కదా.

ఆ వారమంతా ఆయన ఒక్కరే షాపు షాపుకీ తిరిగారు. "బతికే ఉన్నానండీ, చెప్పకుండా దాక్కున్నాను, తప్పయింది. అయినా ఈ ఆదివారం రండి" అని. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. బియ్యం షాపాయన "మళ్ళీ చచ్చాక చూద్దాం లెండి" అన్నాడట.

నిన్న ఎనిమిదింటికి గడియార స్తంభం దగ్గర చాలా తక్కువమంది ఉన్నారు. మీ అన్నయ్య పక్కకి తిరిగి టోపీ దులుపుతున్నట్టు నటించారు, దాని మీద దుమ్మేమీ లేదు. ఎనిమిదిన్నరకి నర్సమ్మలు వచ్చారు. తర్వాత కూరగాయలామె బండి తోసుకుంటూ వచ్చి, "పోయినసారి ఏడ్చిన ఏడుపంతా దండగైపోయింది, ఈసారి ఊరికే నడుస్తాను" అంది. గోడ ముందు మాట్లాడుకున్న అతను పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకొచ్చాడు. ఆ పిల్లని మీ అన్నయ్య ముందు నిలబెట్టి "ఇదేనండీ ఆ రోజు పుట్టింది" అన్నాడు. ఆ రోజంత జనం లేరు గానీ సగం వీధి నిండింది. చైర్మన్ గారు మేడ మీద నుంచి చూసి, "సరే, ఈ ఏడాది ఆఖరు దాకా బస్సు ఉంటుంది, తర్వాత సంగతి తర్వాత" అని కబురు పంపారు. గెలిచామో ఓడామో నాకు తెలియలేదు. మాస్టారు గెలిచామనే అంటున్నారు.

ఈసారి ఆయన్ని డిపోలో ఉండనివ్వలేదు. "నా పక్కన నడవండి" అన్నాను, వారం రోజుల తర్వాత మాట్లాడిన మొదటి మాట అదే. నడుస్తూ నడుస్తూ ఆ నర్సమ్మ నా చేతులు పట్టుకున్న చోటికి వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. "ఏమైంది?" అన్నారు. ఆయనకి చెప్పలేకపోయాను. నీకు చెబుతున్నాను. నిజంగానే వచ్చే ఆ రోజు ఎలా ఉంటుందో నేను ముందే చూసేశాను అమ్మాయ్. వీధి నిండుతుంది. షాపులు మూసుకుని వస్తారు. నన్ను ముందు నడిపిస్తారు, అడుగడుక్కీ ఎవరో ఒకరు చేతులు పట్టుకుంటారు. అన్నీ అచ్చం అలాగే జరుగుతాయి. నడిచి నడిచి అక్కడికి వెళ్ళేసరికి, తలుపు తెరుచుకుని మెట్టు మీద నిలబడి చెయ్యి ఊపేవాళ్ళు ఉండరు.

పెళ్ళయి ముప్పై తొమ్మిదేళ్ళు, ఏనాడూ వీధిలో ఆయన్ని తాకి ఎరగను. నిన్న అందరూ చూస్తుండగా ఆయన చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు నొప్పి పుట్టేటంత గట్టిగా పట్టుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే క్షమించినట్టేనా?" అన్నారు.

"లేదు" అన్నాను. డిపో దాకా ఆ చెయ్యి వదల్లేదు.

నిన్ను చూడాలని ఉన్న
మీ వదిన